ఎల్3 స్విచ్‌లో రిప్: నా రూట్లు అవతలికి వెళ్తున్నాయి, అవతలివి నాకు రావట్లేదు

కన్సోల్_కేబుల్

రెండు రోజులుగా బుర్ర తినేస్తోంది. మా దగ్గర పాత ఎల్3 స్విచ్ (రౌటర్‌లా నెట్‌వర్క్‌ల మధ్య దారి కూడా చూపే స్విచ్) ఒకటి ఉంది. నేను చేరకముందు నుంచీ ఉంది, కాన్ఫిగర్ చేసినాయన ఎప్పుడో వెళ్లిపోయాడు. దాని కింద 10.30 తో మొదలయ్యే సబ్‌నెట్లు (చిన్న నెట్‌వర్క్ ముక్కలు) ఆరు, దాని వెనకాల ఇంకో ఐదు డబ్బాలు. అన్నీ రిప్ (స్విచ్‌లు తమకు తెలిసిన దారులు, అంటే రూట్లు, ఒకదానికొకటి చెప్పుకునే పాత ప్రోటోకాల్) మీదే నడుస్తున్నాయి. ఇప్పుడు పక్కన కొత్త ఎల్3 స్విచ్ పెట్టాం. దీని కింద 10.20.4.0/26, 10.20.4.64/26 (/26 అంటే సబ్‌నెట్ సైజు చెప్పే మాస్క్). రెండు స్విచ్‌ల మధ్య వీలాన్ (స్విచ్ లోపల విడదీసిన నెట్‌వర్క్) 50, అడ్రస్ 192.168.50.0/30. పాతది .1, నాది .2.

నా వైపు కాన్ఫిగ్ ఇది. ఫోన్‌లో తెలుగు కీబోర్డు మీద కొడుతున్నా, కమాండ్లూ తెలుగులోనే వస్తాయి, సర్దుకోండి.

ఐపీ రౌటింగ్
రౌటర్ రిప్
 వెర్షన్ 2
 నెట్‌వర్క్ 10.0.0.0
 నెట్‌వర్క్ 192.168.50.0
 నో ఆటో-సమ్మరీ

192.168.50.1 కి పింగ్ వెళ్తోంది. పాత స్విచ్‌లో చూస్తే నా రూట్లు రెండూ రిప్‌ని సూచించే ఆర్ అక్షరంతో కనిపిస్తున్నాయి. నా స్విచ్‌లో షో ఐపీ రూట్ రిప్ కొడితే మాత్రం ఖాళీ. ఒక్క లైను కూడా లేదు. నా డిఫాల్ట్ రూట్ ఫైర్‌వాల్ వైపు ఉంది కాబట్టి 10.30 కి వెళ్లాల్సిన ట్రాఫిక్ అంతా అక్కడ తేలుతోంది, ఫైర్‌వాల్ టీమ్ నన్ను అడుగుతున్నారు ఇదేంటని.

డిఫాల్ట్_గేట్‌వే

ఆరు సబ్‌నెట్లకి ఆరు స్టాటిక్ రూట్లు (చేత్తో రాసే దారులు). రెండు నిమిషాల పని. మిగతా రెండు రోజులు నిద్రపోవచ్చు.

ఏరియా_జీరో

ఈ రోజుల్లో కొత్త స్విచ్‌లో రిప్ ఎందుకు వేస్తారండీ ఎవరైనా? ఓఎస్‌పీఎఫ్ (రిప్ కంటే కొత్త రౌటింగ్ ప్రోటోకాల్) పెట్టండి, అసలు ఈ సమస్యే ఉండదు.

కన్సోల్_కేబుల్

@ఏరియా_జీరో పాతదాని వెనకున్న ఐదింటిలో రెండు డబ్బాలకి రిప్ తప్ప ఇంకోటి రాదు. అవి ఉన్నంతకాలం రిప్ ఉంటుంది. నా చేతిలో లేదు.

హాప్16

రిప్ వాడే యూడీపీ 520 పోర్టుని ఏదైనా ఏసీఎల్ (ట్రాఫిక్ ఆపే నియమాల జాబితా) ఆపుతోందేమో చూడండి. లేదంటే డీబగ్ ఐపీ రిప్ ఆన్ చేసి ఓ నిమిషం ఆగండి. అప్‌డేట్ 30 సెకన్లకోసారి వస్తుంది కాబట్టి నిమిషంలో విషయం తేలిపోతుంది. కన్సోల్ మీద కాకుండా టెర్మినల్ మానిటర్ పెట్టుకుని చూడండి.

బ్లింక్‌లైట్

మధ్యలో దూరుతున్నా, ఏమీ అనుకోవద్దు. నేను ల్యాబ్‌లో నెట్‌వర్క్ 10.20.4.0 అని కొట్టాను. తర్వాత షో రన్‌లో చూస్తే 10.0.0.0 అని ఉంది. నేను తప్పు కొట్టానా, అదే మార్చేసిందా?

సబ్‌నెట్_సుబ్బి

@బ్లింక్‌లైట్ అదే మార్చేసింది. రిప్‌లో నెట్‌వర్క్ కమాండ్ అర్థం చేసుకునేది క్లాస్ ఎ, బి, సి భాషే. 10 తో మొదలైతే మొత్తం 10.0.0.0 అనుకుంటుంది. అంటే ఆ స్విచ్‌లో 10 తో మొదలయ్యే అడ్రస్ ఉన్న ప్రతి వీలాన్ ఇంటర్‌ఫేస్‌లోనూ రిప్ మొదలైపోతుంది, మీరు అడిగినా అడగకపోయినా. అందుకే పాసివ్-ఇంటర్‌ఫేస్ డిఫాల్ట్ (ఇంటర్‌ఫేస్‌లలో అప్‌డేట్లు పంపకుండా ఆపే కమాండ్) అని కొట్టి, కావాల్సినవాటికి మాత్రమే నో పాసివ్ ఇవ్వడం మంచి అలవాటు. కొన్ని కంపెనీల స్విచ్‌లలో ఈ తంటా లేదు, నేరుగా వీలాన్ లోపలికెళ్లి ఐపీ రిప్ అని కొడతాం.

కన్సోల్_కేబుల్

@హాప్16 డీబగ్ పెట్టా. ప్రతి 30 సెకన్లకీ ఇదే లైను:

రిప్: ఇగ్నోర్డ్ వీ1 ప్యాకెట్ ఫ్రమ్ 192.168.50.1, ఇల్లీగల్ వెర్షన్

హాప్16

దొరికింది. పాతది వెర్షన్ 1 లో మాట్లాడుతోంది, మీరు వెర్షన్ 2 అని కొట్టి చెవులు మూసుకున్నారు. వీలాన్ 50 లోపల ఐపీ రిప్ రిసీవ్ వెర్షన్ 1 2 ఇవ్వండి. కేసు క్లోజ్.

రాత్రి_షిఫ్ట్

వెర్షన్ 1 ఇంకా బతికే ఉందా! దాని నిర్వచన పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1058 వచ్చింది 1988 జూన్‌లో. 1996 లోనే దాన్ని హిస్టారిక్ అని పక్కన పెట్టేశారు. నాకంటే పెద్దది అది, లేచి నిలబడి నమస్కారం పెట్టాలి.

డిఫాల్ట్_గేట్‌వే

నేను చెప్పిన ఆరు లైన్లు ఇప్పటికీ టేబుల్ మీదే ఉన్నాయి.

కన్సోల్_కేబుల్

@హాప్16 ఇచ్చాను. ఇల్లీగల్ వెర్షన్ లైను పోయింది. ఇప్పుడు డీబగ్‌లో ఇలా వస్తోంది:

రిప్: రిసీవ్డ్ వీ1 అప్‌డేట్ ఫ్రమ్ 192.168.50.1 ఆన్ వీలాన్50
 10.0.0.0 ఇన్ 1 హాప్స్

అంతే. ఆరు సబ్‌నెట్లకి బదులు ఒకే ఒక్క 10.0.0.0. పోనీ అదైనా టేబుల్‌లోకి ఎక్కుతోందా అంటే, లేదు. షో ఐపీ రూట్ రిప్ మళ్లీ ఖాళీ.

హాప్16

కేసు రీఓపెన్. 😅

ఏరియా_జీరో

ఓఎస్‌పీఎఫ్ అని గొణుగుతూ మూలన కూర్చున్నా, పట్టించుకోకండి.

పాతతీగ

@కన్సోల్_కేబుల్ కాస్త నిదానంగా చూద్దాం, ఇక్కడ రెండు విషయాలు కలిసిపోయాయి.

ఒకటి. వెర్షన్ 1 ప్యాకెట్‌లో సబ్‌నెట్ మాస్క్ అనే గడే లేదు. 10.30.8.0 అని చెప్పగలదు గానీ, అది /24 అని చెప్పలేదు. అందుకే అది ఒక నియమం పెట్టుకుంది. ప్యాకెట్ వెళ్లే ఇంటర్‌ఫేస్ కూడా 10 లోదే అయితే, మాస్క్ కూడా ఒకటే అయితే, సబ్‌నెట్‌ను ఉన్నదున్నట్టు చెబుతుంది. వేరే నెట్‌వర్క్ గుండా వెళ్లాల్సి వస్తే మొత్తం మూటగట్టి 10.0.0.0 అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటుంది. మీ లింక్ 192.168.50. కాబట్టి మూట వచ్చింది.

రెండు. ఆ మూటని మీ స్విచ్ ఎందుకు తీసుకోలేదంటే, మీ దగ్గరే 10.20.4.0 ఉంది. "10 నెట్‌వర్క్ ముక్కలు నా దగ్గరే ఉన్నాయి, పక్కనోడు వచ్చి మొత్తం 10 నాదే అంటే నేనెలా నమ్మాలి?" అని పక్కన పడేసింది. అటూ ఇటూ 10, మధ్యలో 192.168. దీన్నే డిస్‌కంటిగ్యుయస్ నెట్‌వర్క్ అంటారు. పుస్తకాల్లో చదివి పరీక్ష అయ్యాక మర్చిపోయేది ఇదే.

అప్పట్లో వాళ్లని తప్పు పట్టలేం లెండి. మాస్క్‌ని రూట్‌తోపాటు మోసుకెళ్లాలన్న సీఐడీఆర్ లెక్క 1993 నాటికి గానీ రాలేదు.

ఇప్పుడు నాకొక్కటి చూసి చెప్పండి. పాత స్విచ్‌లో మీ రూట్లు కనిపిస్తున్నాయన్నారు. అక్కడ 10.20.4.0 పక్కన మాస్క్ ఎంతని ఉంది?

కన్సోల్_కేబుల్

/26 అనే ఉంది. రెండింటికీ.

పాతతీగ

అయితే ఆ డబ్బా మిమ్మల్ని మోసం చేస్తోంది. అది వెర్షన్ 1 డబ్బా కాదు.

సబ్‌నెట్_సుబ్బి

ఓహ్, అవును కదా! వీ1 మాత్రమే తెలిసినదైతే ఆ /26 సంగతి దానికి తెలిసే దారే లేదు.

పాతతీగ

అదే. మీ వెర్షన్ 2 ప్యాకెట్ చదివింది, మాస్క్‌తో సహా అర్థం చేసుకుంది. అంటే రెండో వెర్షన్ దానికి వచ్చు. వినడం వచ్చు, మాట్లాడమని ఎవరూ చెప్పలేదు, అంతే. ఐఓఎస్ (సిస్కో స్విచ్‌ల సాఫ్ట్‌వేర్) తరహా స్విచ్‌లలో రౌటర్ రిప్ కొట్టి వెర్షన్ లైను ఇవ్వకుండా వదిలేస్తే డిఫాల్ట్ అదే: పంపేది 1, వినేది 1, 2 రెండూ. పాత స్విచ్‌లో షో ఐపీ ప్రోటోకాల్స్ కొట్టి వీలాన్50 వరసలో ఏముందో చూడండి.

కన్సోల్_కేబుల్

ఇంటర్‌ఫేస్ వీలాన్50, సెండ్ కింద 1, రిసీవ్ కింద 1 2.

మాస్టారూ, దండం మీకు. రెండు రోజులు దాని ముందే కూర్చుని ఈ లైను చూడలేదు నేను.

హాప్16

ఇంకేం, పాతదాంట్లో రౌటర్ రిప్ కింద వెర్షన్ 2, నో ఆటో-సమ్మరీ. ఈసారి నిజంగా కేసు క్లోజ్.

సబ్‌నెట్_సుబ్బి

@హాప్16 ఆగండాగండి! గ్లోబల్‌గా వెర్షన్ 2 అని కొట్టిన మరుక్షణం ఆ స్విచ్ వీ1 వినడం మానేస్తుంది. వెనకాల ఐదు డబ్బాలున్నాయి, అందులో రెండు ముసలివి. అవి వీ1 లోనే మాట్లాడుతుంటే మూడు నిమిషాల్లో వాటి రూట్లన్నీ రాలిపోతాయి. ఇన్‌వాలిడ్ టైమర్ 180 సెకన్లు కాబట్టి కొట్టగానే ఏమీ కాదు. "హమ్మయ్య, బాగానే ఉంది" అనుకుని లాగవుట్ అవుతారు, కుర్చీలోంచి లేచేలోపు ఫోన్ మోగుతుంది. ఇది నాకు జరిగింది కాబట్టి చెబుతున్నా.

పాతతీగ

సుబ్బి గారు చెప్పిందే నా మాట కూడా. ఆ ఒక్క లింక్ మీదే మార్చండి. పాతదాంట్లో వీలాన్ 50 లోపల ఐపీ రిప్ సెండ్ వెర్షన్ 2. రౌటర్ రిప్ కింద నో ఆటో-సమ్మరీ. ఈ రెండోది వీ2 గా వెళ్లే వాటికే పనిచేస్తుంది. వీ1 ఎలాగూ మూటగట్టే తీరుతుంది, దానికి ఈ కమాండ్ పట్టదు. కాబట్టి వెనకున్న వాటికి తేడా రాదు. మీ కొత్తదాంట్లో పెట్టిన రిసీవ్ వెర్షన్ 1 2 తీసేయండి, ఇక అవసరం లేదు.

ఏరియా_జీరో

పాత డబ్బాని ముట్టుకోకుండానే అయ్యే దారి ఉంది కదా? మధ్య లింక్‌ని 10.30.50.0/24 లాంటి దానికి మార్చేస్తే వీ1 కూడా సబ్‌నెట్లను విడివిడిగా చెబుతుంది.

పాతతీగ

చెబుతుంది, మాస్క్ అన్నిచోట్లా /24 అయితే. వీళ్ల కొత్త వైపు /26 ఉన్నాయి. అవి వీ1 నోట రావు. పైగా లింక్ అడ్రస్ మార్చాలన్నా పాతదాన్ని ముట్టుకోవాల్సిందే కదా.

ఏరియా_జీరో

అదీ నిజమే. మూలకి వెళ్తున్నా.

రాత్రి_షిఫ్ట్

@కన్సోల్_కేబుల్ దూరం నుంచి చేస్తున్నారా, స్విచ్ పక్కనే ఉన్నారా? దూరం నుంచైతే ముందు రీలోడ్ ఇన్ 30 కొట్టండి. తర్వాత మార్పు చేయండి, సేవ్ మాత్రం చేయకండి. ఏదైనా తేడా వచ్చి లోపలికి వెళ్లే దారి మూసుకుపోయినా, 30 నిమిషాలకి అదే రీస్టార్ట్ అయ్యి పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే రీలోడ్ క్యాన్సిల్.

కన్సోల్_కేబుల్

దూరం నుంచే. పేరుకే కన్సోల్ కేబుల్, అది నా డ్రాయర్‌లో ఉంది. అలాగే చేస్తా. పర్మిషన్ కోసం మెయిల్ పెట్టాను, రావాలి.

డిఫాల్ట్_గేట్‌వే

పర్మిషన్ వచ్చేలోపు ఓ మాట. నేను స్టాటిక్ అంటే అందరూ నవ్వుతున్నారు గానీ, ఇంత కథ దేనికి? రెండే స్విచ్‌లు, ఒకటే లింకు, ఆరే సబ్‌నెట్లు. దారి మారే అవకాశమే లేనిచోట దారి వెతికే ప్రోటోకాల్ దేనికి?

రాత్రి_షిఫ్ట్

@డిఫాల్ట్_గేట్‌వే మాకూ అలాగే ఉండేది. రెండు లింకులు, రెండు స్టాటిక్‌లు, రెండోదానికి డిస్టెన్స్ (తక్కువున్న రూట్‌నే ముందు వాడే నంబరు) 200 ఇచ్చి బ్యాకప్. మొదటి లింక్ ఫైబర్ తెగింది. కానీ ఆ వీలాన్ అదే స్విచ్‌లో ఇంకో రెండు పోర్టుల్లోనూ ఉంది. ఏదో ఒక పోర్టు అప్‌లో ఉంటే చాలు, వీలాన్ ఇంటర్‌ఫేస్ అప్‌లోనే ఉంటుంది. ఇంటర్‌ఫేస్ అప్‌లో ఉంటే స్టాటిక్ రూట్ కదలదు. ప్యాకెట్లన్నీ గోడకి కొట్టుకుంటున్నాయి, బ్యాకప్ పక్కనే ఖాళీగా కూర్చుని చూస్తోంది. 40 నిమిషాలు. రిప్ అయి ఉంటే 3 నిమిషాల్లో గ్రహించేది.

డిఫాల్ట్_గేట్‌వే

ట్రాకింగ్ పెట్టుకోవాలి దానికి. పింగ్ పోతే స్టాటిక్ తీసేసేలా.

రాత్రి_షిఫ్ట్

పెట్టాం. ఆ 40 నిమిషాల తర్వాత.

ఏరియా_జీరో

3 నిమిషాలు గొప్పగా చెప్పుకునే నంబరా అసలు? ఓఎస్‌పీఎఫ్ డిఫాల్ట్ డెడ్ టైమర్ కూడా 40 సెకన్లే.

హాప్16

రిప్‌లోనూ తగ్గించుకోవచ్చు. టైమర్స్ బేసిక్ 5 15 15 30. చిన్న నెట్‌వర్క్‌లో హాయిగా నడుస్తుంది.

సబ్‌నెట్_సుబ్బి

నడుస్తుంది, అందరిలోనూ మారిస్తే. మా పాత ఆఫీసులో ఒకాయన ఒక్క స్విచ్‌లోనే మార్చి ఇంటికెళ్లిపోయాడు. అవతలిది 30 సెకన్లకోసారి చెబుతోంది, ఇవతలిది 15 సెకన్లు వినపడకపోతే చచ్చిపోయిందనుకుంటోంది. రూట్ వస్తుంది, 15 సెకన్లకి పోతుంది, మళ్లీ వస్తుంది. యూజర్లేమో "నెట్ ఊపిరి తీసుకుంటోంది" అని టికెట్ పెట్టారు. ఆ టికెట్ టైటిల్ ఇప్పటికీ మర్చిపోలేదు నేను.

బ్లింక్‌లైట్

😂😂 నెట్ ఊపిరి!

ఒక డౌట్. 180 సెకన్లు ఎందుకు ఆగాలి? రూట్ పోయిందని వెంటనే పక్కవాళ్లకి చెప్పొచ్చు కదా?

పాతతీగ

@బ్లింక్‌లైట్ తన సొంత ఇంటర్‌ఫేస్ పడిపోతే వెంటనే చెబుతుంది. మెట్రిక్ (దూరం లెక్క) 16 అని పెట్టి ట్రిగర్డ్ అప్‌డేట్ పంపుతుంది. రిప్ లెక్కలో 15 హాప్‌ల (దారిలో దాటే రౌటర్ల) వరకే ప్రపంచం, 16 అంటే చేరలేనిది. పక్కవాడు చెప్పాపెట్టకుండా మాయమైతేనే ఈ 180 సెకన్ల నిరీక్షణ, ఒకటీ రెండూ అప్‌డేట్లు దారిలో పోయినంత మాత్రాన రూట్ తీసేయకుండా.

ఆ 16 కూడా ఊరికే పెట్టలేదు. ముగ్గురు పక్కపక్కన ఉన్నారనుకోండి. చివరివాడి వెనకున్న నెట్‌వర్క్ పోయింది. మొదటివాడు పాత కబురే మళ్లీ చెబుతాడు, "నాకు 3 హాప్‌లలో తెలుసు" అని. మధ్యవాడు నమ్మి 4 అంటాడు. అది విని మొదటివాడు 5 అంటాడు. ఇలా ఒకరి పుకారు ఒకరు పెంచుకుంటూ పోతారు. ఎక్కడో ఒకచోట ఆపాలి కాబట్టి 16 దగ్గర గీత గీశారు. ఎవరి దగ్గర విన్నది వాళ్లకే తిరిగి చెప్పకూడదన్న స్ప్లిట్ హొరైజన్ కూడా ఇందుకే.

హాప్16

ఇన్నాళ్లకి నా పేరుకి అర్థం చెప్పారు. చేరలేనివాణ్ని.

రాత్రి_షిఫ్ట్

ఇందాక సుబ్బి గారు పాసివ్-ఇంటర్‌ఫేస్ అన్నారు కదా. యూజర్ల వీలాన్లన్నింటికీ అది పెట్టేస్తే సెక్యూరిటీ పరంగా కూడా నిశ్చింత, ఎవడూ దొంగ రూట్లు తోయలేడు.

సబ్‌నెట్_సుబ్బి

తోయగలడు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఓఎస్‌పీఎఫ్‌లో పాసివ్ అంటే హలో పోదు, నైబర్ ఏర్పడదు, అంతటితో సరి. రిప్‌లో నైబర్ అన్న మాటే లేదు. పాసివ్ అంటే "నేను చెప్పను" అనే గానీ "నేను వినను" అని కాదు. ఆ వీలాన్‌లో ఏ పీసీ అయినా రిప్ అప్‌డేట్ వదిలితే స్విచ్ శ్రద్ధగా వింటుంది.

రాత్రి_షిఫ్ట్

ఇన్నేళ్లుగా తప్పు తెలుసుకుని తిరుగుతున్నానా నేను? ఇప్పుడే ల్యాబ్‌లో చూస్తా.

సబ్‌నెట్_సుబ్బి

చూడండి. మా దగ్గర ఒక కుర్రాడు నేర్చుకుందామని లైనక్స్ మెషీన్‌లో ఎఫ్‌ఆర్‌ఆర్ (రౌటింగ్ సాఫ్ట్‌వేర్) వేసి, రిప్ ఆన్ చేసి, డిఫాల్ట్ రూట్ ప్రకటించాడు. ఆఫీస్ వీలాన్ లోనే. స్విచ్‌కి అసలు డిఫాల్ట్ రూట్ కూడా రిప్ నుంచే వస్తోంది, రెండు హాప్‌ల అవతల నుంచి. ఇతగాడిది ఒక్క హాప్. ఫ్లోర్ మొత్తం ట్రాఫిక్ అతని మెషీన్ మీద పడింది. పాపం ఫ్యాన్ చప్పుడు విని భయపడి కేబుల్ పీకేశాడు, అలా దొరికిపోయాడు.

అప్పటినుంచి మధ్య లింకుల మీద ఎండీ5 కీ (అప్‌డేట్లకి పాస్‌వర్డ్ లాంటిది) పెట్టాం, యూజర్ వీలాన్లలో డిస్ట్రిబ్యూట్-లిస్ట్ ఇన్ (వచ్చే రూట్ల వడపోత) తో మొత్తం ఆపేశాం. ఎండీ5 వెర్షన్ 2 లోనే కుదురుతుంది, వీ1 కి పాస్‌వర్డ్ అనే ఊహే లేదు.

రాత్రి_షిఫ్ట్

చూశా. వింటోంది. ఛ.

హాప్16

ఎండీ5 పెట్టేవాళ్లకి నా గోడు. కీ-స్ట్రింగ్ ఒకచోట నుంచి కాపీ చేసి ఇంకోచోట పేస్ట్ చేశా. చివర్లో ఒక ఖాళీ కూడా వచ్చేసింది. స్విచ్ ఆ ఖాళీని కూడా పాస్‌వర్డ్‌లో అక్షరంగానే లెక్కేసుకుంది. రెండు వైపులా షో రన్ పక్కపక్కన పెట్టుకుని ముగ్గురం కళ్లు చికిలించి చూశాం, తేడా లేదు. ఎలా ఉంటుంది, ఖాళీ కనపడదు కదా! డీబగ్ మాత్రం ఇన్‌వాలిడ్ అథెంటికేషన్ అనే పాట ఆపలేదు. చివరికి విసుగొచ్చి మళ్లీ చేత్తో టైప్ చేస్తే పని చేసింది. ఎందుకు చేసిందో అర్థం కావడానికి ఇంకో పూట పట్టింది.

ఏరియా_జీరో

ఇది అన్ని ప్రోటోకాల్స్‌లోనూ ఉన్న జబ్బే. ఈ ఒక్కసారికి రిప్‌ని ఏమీ అనను.

బ్లింక్‌లైట్

నా ల్యాబ్ స్విచ్‌లో రౌటర్ రిప్ కొడితే అసలు కమాండే తెలియదంటోంది. ఐపీ రౌటింగ్ మాత్రం తీసుకుంది.

రాత్రి_షిఫ్ట్

మోడల్, లైసెన్స్ చూసుకోండి. ఎల్3 అని పేరున్నా కొన్నింటిలో స్టాటిక్ వరకే ఉంటుంది. ఉదాహరణకి సిస్కో 2960 లో ల్యాన్‌బేస్ ఇమేజ్ అయితే స్టాటిక్ రూట్లే, అవీ 16 వరకే, దానికి కూడా ఎస్‌డీఎం ప్రిఫర్ ల్యాన్‌బేస్-రౌటింగ్ ఇచ్చి రీలోడ్ చేయాలి.

డిఫాల్ట్_గేట్‌వే

చూశారా, స్విచ్ తయారు చేసేవాళ్లు కూడా నా పక్షమే.

కన్సోల్_కేబుల్

పర్మిషన్ వచ్చింది. పాతదాంట్లో రీలోడ్ ఇన్ 30 కొట్టా. చేతులు కొంచెం వణుకుతున్నాయి. మొదలుపెడుతున్నా.

కన్సోల్_కేబుల్

వచ్చాయి!! నో ఆటో-సమ్మరీ కొట్టి, సెండ్ వెర్షన్ 2 ఇచ్చాక ఒక అర నిమిషం ఏమీ లేదు. తర్వాత డీబగ్‌లో రిసీవ్డ్ వీ2 అప్‌డేట్, కింద వరసగా 10.30.1.0/24, 10.30.2.0/24... మాస్క్‌లతో సహా. టేబుల్‌లో ఆర్, పక్కన 120/1. మళ్లీ మళ్లీ కొట్టి చూసుకుంటున్నా.

వెనకున్న ఐదు డబ్బాల రూట్లు కూడా పాతదాంట్లో అలాగే ఉన్నాయి, 5 నిమిషాలు చూశాను, ఏదీ రాలలేదు.

పాతతీగ

శుభం. ఆ 120 అడ్మిన్ డిస్టెన్స్. వేరే కంపెనీ డబ్బాలు కలిపేటప్పుడు ఇది గుర్తుంచుకోండి, జూనిపర్‌లో రిప్‌కి 100.

సబ్‌నెట్_సుబ్బి

@కన్సోల్_కేబుల్ ఒకటి అడగాలి. పాతది వెనకున్న డబ్బాలతో ఇంకా వీ1 లోనే మాట్లాడుతోంది కదా. అక్కడి లింకులు /24 అయితే మీ /26 రూట్లు వాటికి చేరవు. వాటికి మీ 10.20.4.0 ఎలా తెలుస్తుంది?

కన్సోల్_కేబుల్

అమ్మో, అది ఆలోచించలేదు. ఉండండి... వాటి దగ్గర 0.0.0.0 ఉంది, పాత స్విచ్ వైపే. డిఫాల్ట్-ఇన్ఫర్మేషన్ ఒరిజినేట్ అని పాతదాంట్లో లైను కనిపిస్తోంది. ఒకదాంట్లోంచి నా 10.20.4.1 కి పింగ్ కొట్టా, వెళ్తోంది.

సబ్‌నెట్_సుబ్బి

ఆ వెళ్లిపోయినాయన పుణ్యం. సరిపోతుంది.

కన్సోల్_కేబుల్

ఇంకో చిన్న విషయం. షో ఐపీ రూట్ రిప్‌లో ఐదే వస్తున్నాయి. ఆరోది, 10.30.8.0/24, లేదు. డీబగ్‌లో మాత్రం 10.30.8.0/24 ఇన్ 2 హాప్స్ అని వస్తోంది. వస్తోంది, టేబుల్‌లోకి ఎక్కట్లేదు. విచిత్రం ఏంటంటే దానికి పింగ్ కూడా వెళ్తోంది!

హాప్16

డిస్ట్రిబ్యూట్-లిస్ట్ ఏమైనా?

కన్సోల్_కేబుల్

లేదు. నా కాన్ఫిగ్ మొత్తం పైన ఉన్నదే.

రాత్రి_షిఫ్ట్

రూట్ లేకుండా పింగ్ ఎలా వెళ్తుందండీ? షో ఐపీ రూట్ 10.30.8.0 కొట్టండి, చివర్లో రిప్ అనకుండా.

కన్సోల్_కేబుల్

...

నోన్ వయా స్టాటిక్, డిస్టెన్స్ 1.

మొన్న ఏదీ పనిచేయట్లేదని, కనీసం ఒక సబ్‌నెట్‌కైనా పింగ్ వెళ్తుందేమో చూద్దామని నేనే వేశాను. వేసి మర్చిపోయాను. 1 ముందు 120 ఎక్కడ నిలబడుతుంది.

డిఫాల్ట్_గేట్‌వే

ఈ థ్రెడ్ మొత్తంలో మొదటి రోజు నుంచీ పనిచేస్తున్న రూట్ అదొక్కటే అని సవినయంగా మనవి.

హాప్16

😂😂😂 ఇతన్ని ఎవరైనా ఆపండి

ఏరియా_జీరో

ఒప్పుకోక తప్పదు, బాగా పేలింది.

పాతతీగ

@కన్సోల్_కేబుల్ తీసేయండి దాన్ని. ఇప్పుడు పనిచేస్తుంది గానీ, రేపు 10.30.8.0 ని వేరే దారికి మార్చిన రోజు ఇదే స్టాటిక్ కోసం ఇంకో రెండు రోజులు వెతుక్కుంటారు.

కన్సోల్_కేబుల్

తీసేశా. తర్వాతి అప్‌డేట్‌కే ఎక్కింది, 120/2. ఆరూ ఉన్నాయి. ఫైర్‌వాల్ టీమ్‌కి కూడా మెసేజ్ పెట్టాను, వాళ్ల లాగ్‌లో 10.30 రావడం ఆగిపోయిందట. అందరికీ థాంక్స్, ముఖ్యంగా పాతతీగ మాస్టారికీ, సుబ్బి గారికీ. లాగవుట్ అయ్యి పడుకుంటా.

రాత్రి_షిఫ్ట్

రీలోడ్ క్యాన్సిల్ చేశారా?

బ్లింక్‌లైట్

అయ్యో

రాత్రి_షిఫ్ట్

@కన్సోల్_కేబుల్ ??

కన్సోల్_కేబుల్

చేశా. ఇప్పుడే. షో రీలోడ్‌లో 4 నిమిషాలు మిగిలి ఉంది. గుండె ఇంకా కొట్టుకుంటోంది.

సబ్‌నెట్_సుబ్బి

రైట్ మెమరీ (కాన్ఫిగ్ సేవ్)?

కన్సోల్_కేబుల్

...అది కూడా ఇప్పుడే. రెండు స్విచ్‌లలోనూ.